పైథాన్ టర్టిల్ సమీక్ష: కోణం తప్పితే బొమ్మే చెబుతుంది, బ్రాకెట్ మరిస్తే ఎవరూ చెప్పరు

పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషను ఇన్‌స్టాల్ చేసుకుంటే, ఆజ్ఞలతో తాబేలు చేత బొమ్మలు గీయించే టర్టిల్ దాని వెంటే వస్తుంది. విడిగా దించుకునేది లేదు, ఖాతా తెరిచేది లేదు, ప్రకటనలు లేవు, పైసా ఖర్చు లేదు. ఒక తెల్లటి విండో తెరుచుకుంటుంది, నట్టనడుమ చిన్న బాణం మొన ఉంటుంది, అదే మన తాబేలు. ఫార్వర్డ్(100) అంటే అది వంద పిక్సెళ్లు ముందుకు జరుగుతుంది, నడిచినంత మేర గీత పడుతుంది. రైట్(90) అంటే ఉన్నచోటే కుడివైపు తిరుగుతుంది. ఈ రెండు ఆజ్ఞలతో మొదలుపెట్టి చుక్కల ముగ్గు దాకా పోవచ్చు. కీబోర్డు మీద కాస్త చెయ్యి తిరిగిన పదేళ్ల పిల్లలకైనా, నలభై ఏళ్లొచ్చాక కోడింగ్ సంగతేమిటో చూద్దామనుకునే పెద్దలకైనా, ఉచితంగా దొరికేవాటిలో మా మొదటి ఓటు దీనికే.

కాకపోతే దీనికో పాడు గుణం ఉంది. కొన్ని తప్పుల్ని బొమ్మలో బట్టబయలు చేస్తుంది, కొన్నిటిని చప్పుడు కాకుండా మింగేస్తుంది. మొదటి రకం తప్పులే దీని గొప్ప. పిల్లలు విసిగి లేచిపోయేది రెండో రకం దగ్గర. అందుకే ఈ సమీక్షలో వాటికే ఎక్కువ చోటిచ్చాం.

ఇక్కడ ఆజ్ఞల పేర్లను పలికే తీరులో తెలుగులో రాశాం. కంప్యూటర్లో వాటిని ఇంగ్లీషు స్మాల్ లెటర్స్‌లోనే కొట్టాలి. ఫోన్ కీబోర్డు వాక్యం మొదట్లో తనంతట తాను క్యాపిటల్ పెడుతుంది. అలా ఫార్వర్డ్ మొదటి అక్షరం క్యాపిటల్ అయితే పైథాన్ నేమ్ ఎర్రర్ ఇస్తుంది, అంటే ఆ పేరు తనకు తెలియదంటుంది. 3.10 వెర్షన్ నుంచి "మీరు అనుకున్నది ఫార్వర్డేనా?" అని ఎదురు కూడా అడుగుతోంది, కాబట్టి పాత వెర్షన్ పట్టుకుని వేలాడకండి.

తాబేలు నిన్నమొన్నటిది కాదు. 1967లో అమెరికాలో వాలీ ఫోయర్‌జైగ్, సేమోర్ పేపర్ట్, సింథియా సాలమన్ పిల్లల కోసం లోగో అనే భాషను తయారుచేశారు. నేల మీద పాకుతూ కలంతో గీసే తాబేలు మరబొమ్మ, తెర మీది తాబేలు ఆ తర్వాత దానికి తోడయ్యాయి. పైథాన్‌లో ఇప్పుడున్నది గ్రెగర్ లింగ్ల్ తిరగరాసిన రూపం, 2008లో 2.6 వెర్షన్‌తో వచ్చింది. మన దగ్గర చాలా ప్రైవేటు బడుల కంప్యూటర్ పుస్తకాల్లో కనిపించే ఎం.ఎస్.డబ్ల్యూ. లోగో కూడా ఈ వంశానిదే. పోలికలు చాలానే ఉన్నాయి, అయితే ఒక తేడా మాత్రం పిల్లల్ని బాగా తికమక పెడుతుంది. దాని దగ్గరికి తర్వాత వద్దాం.

పెట్టుకునేటప్పుడు

విండోస్‌లో పైథాన్ అధికారిక సైటు నుంచి ఇన్‌స్టాలర్ తెచ్చుకుంటే సరిపోతుంది. కస్టమ్ ఇన్‌స్టాల్‌లోకి వెళ్లినవారు టీసీఎల్/టీకే, ఐడిల్ అని రాసి ఉన్న గడిలో టిక్ తీసేయకూడదు. టర్టిల్ గీసేది ఆ టీకే మీదే. అది లేకపోతే మిగతా పైథాన్ అంతా పనిచేస్తుంది, తాబేలు ఒక్కటే రాదు. ఉబుంటులో తరచూ జరిగేది ఇదే: పైథాన్ ముందే ఉంటుంది, టీకేని దానికి కలిపే టీకింటర్ ఉండదు, "నో మాడ్యూల్ నేమ్‌డ్ టీకింటర్" అని వస్తుంది. టెర్మినల్లో ఏపీటీ ద్వారా పైథాన్3-టీకే ప్యాకేజీ వేసుకుంటే తీరిపోతుంది.

మొదటిసారి నేర్చుకునేవారికి పైథాన్‌తో వచ్చే ఐడిల్ అనే ఎడిటర్ (కోడ్ రాసుకునే చోటు) కన్నా థానీ ఎడిటర్ మేలు. ఎస్టోనియాలోని టార్టు విశ్వవిద్యాలయంలో పుట్టిన ఉచిత ఎడిటర్ ఇది. విండోస్‌కిచ్చే ప్యాకేజీలో పైథాన్, టీకే రెండూ కలిసే వస్తాయి. ఎఫ్5 నొక్కితే ప్రోగ్రామ్ నడుస్తుంది. కంట్రోల్ పట్టుకుని ఎఫ్5 నొక్కితే డీబగ్ మొదలవుతుంది, అక్కడి నుంచి ఎఫ్6 నొక్కినప్పుడల్లా ఒక్కో వరుసే నడుస్తుంది. ఎడమపక్క ఏ వరుస వెలుగుతోందో, కుడిపక్క తాబేలు ఏం చేసిందో రెండూ కళ్లెదుట ఉంటాయి. ఈ సౌకర్యం ఒక్కటి చాలు దీన్ని ఎంచుకోవడానికి.

బ్రౌజర్‌లోనే కోడ్ నడిపే గూగుల్ కోలాబ్‌లో మాత్రం టర్టిల్ నేరుగా నడవదు. అది నడిచే సర్వర్‌కు తెరంటూ లేదు, టీకేకి విండో తెరిచే చోటే దొరకదు. జుపిటర్, స్పైడర్ అనే ఎడిటర్లలో ఇంకో తలనొప్పి: మొదటిసారి బాగానే నడుస్తుంది, విండో మూసి మళ్లీ నడిపితే టెర్మినేటర్ అనే పేరుతో ఎర్రర్ వస్తుంది. మూడోసారి మళ్లీ బాగుంటుంది. ఇలా ఒకసారి విడిచి ఒకసారి వచ్చే తప్పు చూసి పిల్లలు తమ కోడ్‌నే అనుమానిస్తారు. కోడ్‌లో దోషం లేదు. కెర్నల్ (వెనక కోడ్ నడిపే పైథాన్) రీస్టార్ట్ చేయండి, లేదా థానీకి మారండి.

ఫైలు పేరు విషయంలో ఒక్క గట్టి నియమం: టర్టిల్ అని పెట్టకూడదు. పాఠం పేరు టర్టిల్ కాబట్టి పిల్లలు సేవ్ చేసేటప్పుడు చేతికొచ్చే మొదటి పేరు అదే. అలా పెడితే "ఇంపోర్ట్ టర్టిల్" అన్నప్పుడు పైథాన్ అసలు మాడ్యూల్‌ని (టర్టిల్ ఆజ్ఞలున్న ఫైలుని) వదిలేసి, పక్కనే ఉన్న మీ ఫైలునే తెచ్చుకుంటుంది. ఫార్వర్డ్ అన్న పేరే దానికి తెలియదంటుంది, లేదా సర్క్యులర్ ఇంపోర్ట్ అని ఏదో అంటుంది. ఇంకా ఘోరం ఏమిటంటే, ఆ ఫైలు ఆ ఫోల్డర్లో ఉన్నంతకాలం అక్కడి మిగతా టర్టిల్ ప్రోగ్రాములు కూడా చెడతాయి, నిన్న బాగా నడిచినవి సహా. పేరు మార్చడం తప్ప ఇంకే మందూ లేదు.

మొదటి గంట

ఇది చతురస్రం:

ఫ్రమ్ టర్టిల్ ఇంపోర్ట్ *
ఫర్ ఐ ఇన్ రేంజ్(4):
    ఫార్వర్డ్(100)
    రైట్(90)
డన్()

చివర్లోని డన్() విండోని తెరిచి ఉంచుతుంది. ఫైలు మీద డబుల్ క్లిక్ చేసి నడిపేవారు అది రాయకపోతే, బొమ్మ గీయడం అయిన మరుక్షణం విండో మాయమవుతుంది.

చతురస్రం వచ్చాక త్రిభుజం అడగండి. పదిమందిలో తొమ్మిది మంది 60 డిగ్రీలు వేస్తారు, ఎందుకంటే సమబాహు త్రిభుజంలో కోణం 60 అని బడిలో నేర్చుకున్నారు. 60తో మూడుసార్లు తిప్పితే త్రిభుజం మూసుకోదు, షడ్భుజిలో సగం గీసి తాబేలు ఆగిపోతుంది. టర్టిల్ విలువంతా ఇదిగో, ఇక్కడ ఉంది. ఎవరూ తప్పనలేదు, ఎర్ర అక్షరాలు రాలేదు, కానీ బొమ్మ తెరిచిన నోరులా ఎదురుగా నిలబడింది. తాబేలు తిరిగేది లోపలి కోణం మేరకు కాదు, బాహ్యకోణం మేరకు: 180 లోంచి 60 పోతే 120. దీన్ని వివరించి చెప్పేకన్నా పిల్లల్ని లేపి నేల పలకల మీద త్రిభుజం చుట్టూ నడిపించడం మంచిది. మూల దగ్గర ఒళ్లు ఎంత తిప్పారో వాళ్లకే తెలుస్తుంది. చుట్టూ తిరిగి మొదటి దిక్కుకే వస్తే మొత్తం 360 అవుతుంది, కాబట్టి ఎన్ని భుజాలుంటే 360ని అన్నిటితో భాగిస్తే చాలు. పంచభుజికి 72, షడ్భుజికి 60, అష్టభుజికి 45.

ఆ సూత్రం చేతికొచ్చాక నక్షత్రం. ఐదుసార్లు ఫార్వర్డ్(150), రైట్(144). ఐదు నూటనలభైనాలుగులు 720, అంటే తాబేలు రెండు చుట్లు తిరిగింది. ఎనిమిది కొనలు కావాలంటే 135తో ఎనిమిదిసార్లు, అది మూడు చుట్లు. 170 వేస్తే 36 కొనల నక్షత్రం వస్తుంది. "ఇది ఎన్నిసార్లకు మూసుకుంటుందో ముందే చెప్పగలవా?" అని ఒక్క ప్రశ్న వేస్తే గ.సా.భా. పాఠం దానంతటదే వచ్చేస్తుంది.

కుడి, ఎడమల గొడవ కూడా ఈ గంటలోనే తీరిపోవాలి. రైట్(90) అంటే కుడికి జరగడం కాదు, ఉన్నచోట కుడికి తిరగడం. పైగా ఆ కుడి మనది కాదు, తాబేలుది. అది కిందికి చూస్తున్నప్పుడు దాని కుడి మన ఎడమ. షేప్("టర్టిల్") అని ఒక వరుస చేర్చితే బాణం స్థానంలో నిజం తాబేలు ఆకారం వస్తుంది. తల ఎటుందో కనబడితే ఈ తికమక సగం తగ్గుతుంది.

నోరు మెదపని తప్పులు

మొదటి గంట ఉత్సాహం చల్లారిపోయేది ఇక్కడే.

పై చతురస్రంలో రైట్(90) ముందున్న నాలుగు స్పేసులు పోయాయనుకుందాం. అది ఫర్ లూపు (నాలుగుసార్లు తిరిగే భాగం) బయటికి వచ్చేస్తుంది. పైథాన్ దృష్టిలో అదేం తప్పు కాదు, కాబట్టి నోరు మెదపదు. తాబేలు తిరగకుండా నాలుగు వందలూ ఒకే గీతలో పోతుంది. ఇప్పుడు విండో కొలత చూడండి: టర్టిల్ మామూలుగా తెర వెడల్పులో సగం, ఎత్తులో ముప్పాతిక తీసుకుంటుంది. 1366 × 768 ల్యాప్‌టాప్‌లో అది 683 × 576. తాబేలు బయల్దేరేది నడిమధ్య నుంచి కాబట్టి కుడివైపు దానికి దక్కేది 341 పిక్సెళ్లు. నాలుగు వందలు నడిస్తే అంచు దాటి మాయమవుతుంది. అక్కడ పిల్లవాడికి కనిపించేది తాబేలు లేని తెర, కుడి అంచుకు పోయిన ఒక గీత. చతురస్రం ఏమైందో, తాబేలు ఎటుపోయిందో అంతుబట్టదు. స్పేసులు చూసుకోవాలన్న ఆలోచన రావడానికి అక్కడ ఏ ఆధారమూ లేదు.

కాబట్టి మొదటి పాఠం నుంచే విండో కొలత చెప్పే సెటప్(1000, 600) రాయించండి. హోమ్() అంటే తాబేలు మధ్యకు తిరిగి వస్తుందని కూడా చెప్పండి, కలం కింద ఉంటే వెనక్కి వచ్చే దారిలోనూ గీత పడుతుందన్న హెచ్చరికతో.

రెండోది బ్రాకెట్ మరపు. పెన్అప్() అంటే కలం ఎత్తడం. చివర ఆ ఖాళీ బ్రాకెట్లు పెట్టకుండా పెన్అప్ అని వదిలేస్తే ఎర్రర్ రాదు. పైథాన్ ఆ పేరు గల ఫంక్షన్ (ఆజ్ఞ) ఉందని చూసుకుని ఊరుకుంటుంది, పని చేయదు. కలం కిందే ఉంటుంది, రెండు బొమ్మల మధ్య అడ్డంగా ఓ గీత పడుతుంది. ఎండ్_ఫిల్() దగ్గర ఇదే మరపు జరిగితే రంగు నిండదు, ఆకారం ఖాళీగా మిగులుతుంది. రంగు పడలేదంటే ముందు ఆ బ్రాకెట్లే చూడండి. ఫార్వర్డ్ 100 అని బ్రాకెట్ లేకుండా అంకె వేస్తే మాత్రం వెంటనే సింటాక్స్ ఎర్రర్ ఇస్తుంది. అంటే అంకె తీసుకునే ఆజ్ఞలు అరుస్తాయి, తీసుకోనివి నోరు మూసుకుంటాయి.

మూడోది పేరు మీద పేరు పెట్టడం. పెన్‌సైజ్(5) బదులు పెన్‌సైజ్ = 5 అని రాస్తే గీత లావు కాదు, ఎర్రరూ రాదు. కానీ ఆ క్షణం నుంచి పెన్‌సైజ్ అనే ఆజ్ఞ పోయి దాని స్థానంలో 5 అనే అంకె కూర్చుంటుంది. ఇరవై వరుసల తర్వాత ఎక్కడో సరిగ్గా పెన్‌సైజ్(3) అని రాస్తే, "ఇంట్ అనేది పిలవదగ్గది కాదు" అన్న అర్థంలో టైప్ ఎర్రర్ వస్తుంది. తప్పు ఒకచోట, మొర ఇంకోచోట. కలర్ = "రెడ్" అని రాసినా ఇదే గతి. ఫ్రమ్ టర్టిల్ ఇంపోర్ట్ * వాడితే టర్టిల్ పేర్లన్నీ మన పేర్లతో ఒకే గదిలో ఉంటాయి, ఈ ముప్పు అందువల్లే. నాలుగైదు పాఠాలు దాటాక ఇంపోర్ట్ టర్టిల్ పద్ధతికి, టి = టర్టిల్.టర్టిల్() అని విడిగా తాబేలును పుట్టించే పద్ధతికి మారడం మంచిది. అందులో రెండో టర్టిల్‌కు మొదటి అక్షరం క్యాపిటల్.

స్పీడ్ సంగతి కూడా విచిత్రమే. 1 అతి నెమ్మది, 10 వేగం, 0 అంటే ఆగిపోవడం కాదు, నడక చూపకుండా ఒక్క ఊపులో గీసేయడం. 10 దాటి ఏ అంకె ఇచ్చినా దాన్ని 0గానే తీసుకుంటుంది. పిల్లలు స్పీడ్(0) అని పెట్టి తాబేలును ఆపబోతే అది మెరుపులా పారిపోతుంది. అది నవ్వుకోవడానికి పనికొచ్చే తప్పు, వదిలేయండి. ఇంకా వేగం కావాలంటే ట్రేసర్(0) ఉంది. అది వాడితే చివర్లో అప్‌డేట్() రాయాలి, లేకపోతే బొమ్మ పూర్తిగా కనిపిస్తుందన్న హామీ లేదు.

అరిచే తప్పులతో ఇంత బాధ లేదు. వాట్సాప్‌లో వచ్చిన కోడ్‌ని కాపీ చేస్తే తిన్నని కోట్ గుర్తులు వంకర గుర్తులుగా మారి "ఇన్‌వాలిడ్ క్యారెక్టర్" వస్తుంది, చేత్తో మళ్లీ కొట్టాలి. కలర్(255, 0, 0) అంటే "బ్యాడ్ కలర్ సీక్వెన్స్" వస్తుంది. టర్టిల్ మామూలుగా రంగుల్ని 0 నుంచి 1 వరకే కొలుస్తుంది, ముందు కలర్‌మోడ్(255) అని చెప్పాలి.

బడి పుస్తకంలోని లోగోతో తేడా

ముందు చెప్పిన తేడా ఇది. లోగో తాబేలు పైకి చూస్తూ మొదలవుతుంది, పైథాన్ తాబేలు కుడికి చూస్తూ. బడి పుస్తకంలోని ఇల్లు బొమ్మను ఎఫ్.డి., ఆర్.టి. స్థానంలో ఫార్వర్డ్, రైట్ పెట్టి ఉన్నదున్నట్టు దింపితే, ఇల్లు పక్కకు పడుకుని వస్తుంది. కోడ్ మొదట్లో మోడ్("లోగో") పెడితే తాబేలు పైకి చూస్తుంది, దిక్కుల కొలత కూడా గడియారం ముల్లు తిరిగే వైపుకు మారుతుంది. లోగో నుంచి వచ్చే పిల్లలకు ఇది పెట్టించండి, కొత్తగా మొదలుపెట్టేవారికి అక్కర్లేదు.

నిజానికి ఎర్రర్ల విషయంలో లోగోదే మంచి భాష. ఎఫ్.డి. తర్వాత స్పేసు మరిచి ఎఫ్.డి.100 అని కలిపి కొడితే "ఇదెలా చేయాలో నాకు తెలియదు" అన్న అర్థంలో మామూలు మాటల్లో చెబుతుంది. పైథాన్ ట్రేస్‌బ్యాక్‌లో, అంటే తప్పు ఎక్కడ జరిగిందో చూపే ఎర్రర్ జాబితాలో, నాలుగు వరుసలు దాటితే గానీ అసలు మాట రాదు. చివరి వరుస ముందు చదివే అలవాటు చేయిస్తే సగం భయం పోతుంది.

తెలుగు ఆజ్ఞలు

చాలామందికి తెలియని సౌకర్యం ఒకటుంది. పైథాన్ 3లో వేరియబుల్, ఫంక్షన్ పేర్లు తెలుగు లిపిలో పెట్టుకోవచ్చు. ముందుకు = ఫార్వర్డ్, కుడి = రైట్, ఎడమ = లెఫ్ట్ అని మూడు వరుసలు మొదట్లో రాస్తే, ఆ తర్వాత ముందుకు(100), కుడి(90) అని నిజంగానే తెలుగులో కొట్టవచ్చు. డెఫ్ చతురస్రం(భుజం): అని సొంత ఆజ్ఞ కూడా చేసుకోవచ్చు. ఒత్తులు, గుణింతాలు, సున్నా అన్నీ పేర్లలో చెల్లుతాయి. ఒక్కటే చిక్కు: కొన్ని తెలుగు కీబోర్డులు పొల్లు అక్షరం తర్వాత కంటికి కనిపించని విడదీత గుర్తును చొప్పిస్తాయి, దానికి పైథాన్ ఒప్పుకోదు. యు+200సి అంటూ ఎర్రర్ వస్తే కారణం అదే. పొల్లు లేని పేర్లు ఎంచుకుంటే బాధ లేదు. తెలుగు అంకెలు కూడా కోడ్‌లో నేరుగా చెల్లవు, తమాషాగా ఇంట్("౧౦౦") అంటే మాత్రం 100 వస్తుంది.

తెలుగు మీడియం పిల్లలకు మొదటి రెండు వారాలు ఇలా నడిపించడం మా లెక్కన మంచిదే. అంతకు మించి వద్దు. ఫర్, ఇఫ్ లాంటి మాటలు ఎలాగూ ఇంగ్లీషులోనే ఉంటాయి, ఎర్రర్లూ అంతే. రెండు లిపుల మధ్య కీబోర్డు మార్చుకుంటూ కూర్చోవడం వేళ్లకు శిక్ష.

ముగ్గు, జెండా

రెండు లూపుల్ని ఒకదానిలో ఒకటి పెట్టడం నేర్పడానికి సందు చుక్కల ముగ్గును మించిన పాఠం లేదు. "7 చుక్కలు, 4 వచ్చేవరకు సందు చుక్క" అన్న మాట వినగానే వేళ్లు కదిలే ఇళ్లు మనవి. ఆ మాటే కోడ్‌లో ఇలా ఉంటుంది:

పెన్అప్()
వై = 105
ఫర్ ఎన్ ఇన్ [4, 5, 6, 7, 6, 5, 4]:
    ఎక్స్ = -(ఎన్ - 1) * 20
    ఫర్ కె ఇన్ రేంజ్(ఎన్):
        గోటు(ఎక్స్, వై)
        డాట్(8)
        ఎక్స్ = ఎక్స్ + 40
    వై = వై - 35

మొత్తం 37 చుక్కలు. పక్క చుక్కల మధ్య 40, వరుసల మధ్య 35. ఆ 35 ఊరికే రాలేదు: 40ని 0.866తో గుణిస్తే 34.6, దాన్ని సర్దితే 35. ఇలా అయితే ఏ చుక్కకైనా చుట్టూ ఉన్న ఆరూ దాదాపు సమాన దూరంలో ఉంటాయి. వరుసల మధ్య కూడా 40 పెడితే ముగ్గు నిలువుగా సాగుతుంది, చిన్నప్పటి నుంచి ముగ్గులు వేసిన చెయ్యి దాన్ని చూడగానే పట్టేస్తుంది. వై = వై - 35 అన్న వరుస పొరపాటున లోపలి లూపులోకి జరిగితే చుక్కలు మెట్లు మెట్లుగా జారిపోతాయి. ఏ వరుస ఏ లూపులో ఉండాలో చెప్పడానికి ఇంతకన్నా చక్కని బొమ్మ దొరకదు.

ఇక మధ్య చుక్క చుట్టూ ఆరు రేకులు. ఒక రేకు అంటే సర్కిల్(40, 60), లెఫ్ట్(120), మళ్లీ సర్కిల్(40, 60), మళ్లీ లెఫ్ట్(120). సర్కిల్‌లో రెండో అంకె ఎన్ని డిగ్రీల మేర వంపు గీయాలో చెబుతుంది. 40 వ్యాసార్థంతో 60 డిగ్రీల వంపు గీస్తే దాని రెండు కొనల మధ్య దూరం సరిగ్గా 40, అంటే చుక్క నుంచి చుక్కకు అతుకుతుంది. గోటు(0, 0) అయ్యాక పెన్‌డౌన్(), సెట్‌హెడింగ్(-30) పెట్టి, రేకును, దాని వెంట లెఫ్ట్(60)ని ఆరుసార్లు తిప్పితే పువ్వు. ఆ మైనస్ 30 ఎందుకంటే, వంపు ఎడమకు ఒరుగుతూ పోతుంది కాబట్టి రేకు మొన బయల్దేరిన దిక్కుకు 30 డిగ్రీలు ఎడమగా తేలుతుంది. అది మరిస్తే రేకులన్నీ చుక్కలకు కాక సందులకు గురిపెడతాయి.

ముగ్గుల్ని ఇలా చూడటం ఆటే కాదు. మద్రాసులో గిఫ్ట్ సిరోమణి, ఆయన సహచరులు 1970లలోనే కోలం ముగ్గుల అల్లికకు వ్యాకరణం కట్టి కంప్యూటర్ సైన్స్ పరిశోధనగా ప్రచురించారు.

జెండా ఇంకో మంచి పాఠం. జెండా కోడ్‌లోని ప్రామాణిక కొలతల్లో 450 × 300 మిల్లీమీటర్ల సైజు ఉంది, దానికి చక్రం వ్యాసం 90. మిల్లీమీటర్‌కు పిక్సెల్ అనుకుంటే తెరకు అతికినట్టు సరిపోతుంది. ఒక్కో పట్టీ 450 × 100, కాబట్టి పట్టీ(రంగు) అని ఒకే ఫంక్షన్ రాసి మూడుసార్లు పిలిస్తే చాలు, మూడూ (-225, 150), (-225, 50), (-225, -50) నుంచి మొదలవుతాయి. కలర్‌మోడ్(255)లో కాషాయానికి 255, 103, 31, ఆకుపచ్చకు 4, 106, 56, చక్రానికి 6, 3, 141 వేస్తే దగ్గరగా వస్తాయి. ఆకులు 24, కాబట్టి ఫార్వర్డ్(45), బ్యాక్‌వర్డ్(45), రైట్(15) ఇరవైనాలుగుసార్లు. చక్రం వలయం దగ్గర అందరూ ఒకేచోట తడబడతారు. సర్కిల్(45) అంటే తాబేలు ఉన్నచోటు కేంద్రం కాదు, కేంద్రం దానికి ఎడమపక్క 45 దూరంలో ఉంటుంది. కుడికి చూస్తున్న తాబేలుకు ఎడమ అంటే పైన. అందుకని ముందు గోటు(0, -45)కి దించి గీయాలి.

రంగు నింపడంలో టర్టిల్‌కున్న ఒక లోపం మన చేతిలో లేనిది. 144 నక్షత్రానికి బిగిన్_ఫిల్(), ఎండ్_ఫిల్() పెడితే, గీతలు ఒకదాన్నొకటి దాటిన మధ్య భాగం కొన్ని కంప్యూటర్లలో నిండుతుంది, కొన్నిటిలో తెల్లగా మిగులుతుంది. అది ఆపరేటింగ్ సిస్టమ్‌ను బట్టి మారుతుందని పైథాన్ డాక్యుమెంటేషన్‌లోనే రాసి ఉంది. క్లాసులో రెండు కంప్యూటర్లు రెండు రకాలుగా చూపిస్తే పిల్లల కోడ్ వెతక్కండి.

ఎవరికి వద్దు

ఇంకా అక్షరాలు వెతుక్కుని కొట్టే ఏడెనిమిదేళ్ల పిల్లలకు స్క్రాచ్‌లోని పెన్ ఎక్స్‌టెన్షన్ ఇవ్వండి. అదే తాబేలు, టైపింగ్ బదులు దిమ్మెలు. లినక్స్ ఉన్నవారు కేటర్టిల్ కూడా చూడవచ్చు. కోడ్, బొమ్మ ఒకే విండోలో పక్కపక్కన ఉంటాయి, ఎర్రర్లు విడిగా జాబితాగా వస్తాయి, దిక్కు ఎంచుకోవడానికి చిన్న పరికరం కూడా ఉంది. మొదటి నెలకు అది పైథాన్ కన్నా సుఖం. కానీ దాని భాష దానిదే. అక్కడ రిపీట్, లర్న్ అని నేర్చుకున్నవాళ్లు పైథాన్‌కు వచ్చాక మళ్లీ ఫర్, డెఫ్ నేర్చుకోవాలి. పైథాన్ టర్టిల్‌లో గీసిన కోడ్ రేపు లెక్కలకు, ఆటలకు అలాగే పనికొస్తుంది, మాకు అదే పెద్ద లాభంగా తోస్తోంది.

కొత్త వెర్షన్లలో చిన్న మెరుగులు వస్తున్నాయి. 3.12లో వచ్చిన టెలీపోర్ట్(ఎక్స్, వై) గీత పడకుండా తాబేలును అక్కడికి చేరుస్తుంది, పెన్అప్, గోటు, పెన్‌డౌన్ మూడూ రాసే పని తప్పింది. పై ముగ్గు, జెండా రెండూ దానితో పొట్టివవుతాయి.

బొమ్మను దాచుకోవడం ఒక్కటే ఇప్పటికీ వెనకబడి ఉంది. పీఎన్‌జీగా సేవ్ చేసే ఆజ్ఞ లేదు. 3.14లో సేవ్ అనే ఆజ్ఞ వచ్చింది గానీ అది ఇచ్చేది పోస్ట్‌స్క్రిప్ట్ ఫైలు, ఇంట్లో ఎవరి ఫోన్లోనూ తెరుచుకోదు. అమ్మమ్మకు ముగ్గు పంపాలంటే హైడ్‌టర్టిల్()తో తాబేలును దాచేసి, విండోస్, షిఫ్ట్, ఎస్ మూడూ కలిపి నొక్కి స్క్రీన్‌షాట్ తీయండి.